తులసమ్మ పీల్చిన ఊపిరి

మాణిక్యవేణి, చారుమతి, తులసమ్మ ఒకే ఇంట్లో చేరి కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు అన్న మాట మీద చెన్నైలో మా చూలై వీధిలో వారం రోజుల పాటు పొయ్యిల మీద పాలు పొంగిపోయాయి. ముగ్గురూ మూడు సీరియళ్ళలో విలన్లు. మాణిక్యవేణి నోరు తెరిచిందంటే ఎదుటివాళ్ళు గోడకి ఆనుకోవాల్సిందే. చారుమతి నవ్వుతూనే పాయసంలో ఏదో ఒకటి కలిపి పెడుతుంది. తులసమ్మ ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు. పెద్దగా మాట్లాడదు, తనకి దక్కని తాళాల గుత్తి మీద ఇరవై ఏళ్ళుగా కన్నేసి ఉంటుంది. మూడూ తమిళంలో తీసిన సీరియళ్ళు, తెలుగులోకి మార్చి వేస్తారు. ఇప్పుడు మూడు కథల్నీ కలిపి రెండు గంటల మహా ఎపిసోడ్ ఒకటి తీశారు. అందులో గెలిచేదెవరో ప్రేక్షకుల ఓట్లతో తేల్చి, ఆ ముక్క మాత్రం గుట్టుగా దాచి పెట్టారు.

ఎదురింటి పుష్పవల్లి చారుమతి పక్షం. అన్నంలో మందు పెట్టేదాని ముందు అరిచేవాళ్ళు ఏం నిలుస్తారని ఆమె వాదం. మిగతా తెలుగిళ్ళన్నీ మాణిక్యవేణి వైపు. తులసమ్మ పక్షం మా ఆయన గోపాలస్వామి ఒక్కడే. "అరిచేసేదాని మంట అరుపుతోనే పోతాది. లోపలే పెట్టుకునేది గెలస్తాది చూడండి" అన్నాడు. ఆయనకి సీరియళ్ళ సంగతి ఏం తెలుసని అందరూ కొట్టిపారేశారు, నేనైతే అందరికన్నా ముందు. ఎందుకంటే ఆ ముగ్గురి చేతా తెలుగులో మాట్లాడించేది నేనే. మూడు గొంతులూ నావే. ఈ సంగతి పుష్పవల్లికి ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. "నీ గొంతు ఇట్లుండదే పంకజం" అంటుంది. నమ్మనందుకు కోపం తెచ్చుకోవాలో, అంత బాగా చేస్తున్నందుకు సంతోషపడాలో తెలియక ఊరుకుంటాను.

ఇరవై ఆరేళ్ళుగా సాలిగ్రామంలోని డబ్బింగ్ స్టూడియోల చుట్టూ తిరుగుతున్నాను. మాది తాతముత్తాతల కాలం నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం. ఇంట్లో మాట్లాడేది ఈడ, ఆడ, ఏంది అనే తెలుగు, అందులోనూ సగం అరవం. మొదటి రోజు మైకు ముందు "ఆడ పెట్టినా" అన్నందుకు అద్దం అవతలి వాళ్ళంతా పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుని మరిచిపోలేక రోజూ తెలుగు పత్రిక గట్టిగా చదివి నాలుకని దారికి తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని సంసారాలు కూల్చానో, ఎంతమంది కోడళ్ళని వానలో బయటికి గెంటానో నాకే తెలియదు. తెర మీద నా పేరు మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. లైట్లు పట్టుకున్నవాళ్ళ పేర్లు పడతాయి, భోజనాలు వండినవాళ్ళ పేర్లు పడతాయి, గొంతులిచ్చినవాళ్ళ వంతు వచ్చేసరికి ప్రకటనలు మొదలవుతాయి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను కుళ్ళుబోతుదాన్ని. తోటి ఆర్టిస్టు హేమమాలినికి ఏదో సంఘం వాళ్ళు శాలువా కప్పితే నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మా ఆడపడుచు ఫ్లాటు కొన్నప్పుడు గృహప్రవేశంలో అందరికన్నా ఎక్కువ పొగిడిందీ నేనే, అందరికన్నా ఎక్కువ కుమిలిందీ నేనే. పైకి ఒక్క మాట జారనివ్వను. అయినా మా ఆయనకి తెలిసిపోతుంది. ఆయనది పుస్తకాలు బైండింగు చేసే పని. పక్క గదిలో అట్టలు అంటిస్తూ, తల కూడా ఎత్తకుండా "ఈసారి ఎవురి మీద?" అని అడుగుతాడు. ఎవరి మీదా లేదులే అని కసురుతాను. నా మొహమైనా చూడకుండా ఎలా కనిపెడతాడో ముప్ఫై ఏళ్ళుగా నాకు అంతు పట్టలేదు.

సోమవారం నాడు చెంగల్రాయుడన్న మమ్మల్ని స్టూడియోకి పిలిచాడు. తమిళ డైలాగుల్ని తెలుగులో రాసేదీ, దగ్గరుండి మా చేత చెప్పించేదీ ఆయనే. రెండు విషయాలు చెప్పాడు. ముగ్గురు విలన్లూ ఒకరి మీద ఒకరు అరుచుకునే చోట ఒకే మనిషి గొంతు పెడితే వినేవాళ్ళు పట్టేస్తారు కాబట్టి ముగ్గురికీ ముగ్గురు మనుషులు కావాలన్నది ఒకటి. గెలిచిన విలన్‌కి తెలుగు గొంతు ఇచ్చిన మనిషి పేరూ ఫోటో ఎపిసోడ్ చివర తెర నిండా వేస్తామని చానల్ వాళ్ళు మాట ఇచ్చారన్నది రెండోది. మొదటి మాటకి నా ప్రాణం ఉసూరుమంది, నా ముగ్గురినీ పంచిపెట్టాలి కదా అని. రెండో మాట విన్నాక ఆ బాధ ఎటు పోయిందో తెలియదు.

పెద్దదాన్ని కాబట్టి ముందు కోరుకునే హక్కు నాది. మా వృత్తిలో పాత్ర గెలుస్తుందా ఓడుతుందా అని ఎవరమూ అడగం. ఎన్ని డైలాగులు అని అడుగుతాం. ఎవరికి డైలాగులు ఎక్కువుంటే కథ వాళ్ళది, ఇది ఇరవై ఆరేళ్ళుగా నేను చూస్తున్న సత్యం. చివరి పది నిమిషాల బొమ్మ శుక్రవారం గానీ పంపరట. వచ్చినంతలో చూస్తే మాణిక్యవేణికి నూట నలభై డైలాగులున్నాయి, చారుమతికి తొంభై. తులసమ్మకి పంతొమ్మిది, అందులోనూ నాలుగు ఉత్త ఊకొట్టడాలు. ఇంక ఆలోచించేదేముంది, మాణిక్యవేణిని పట్టుకున్నాను. చారుమతి హేమమాలినికి వెళ్ళింది. మిగిలిపోయిన తులసమ్మని రాయుడన్న సునయన చేతిలో పెట్టాడు.

సునయన రాజమండ్రి పిల్ల. మొగుడికి షోళింగనల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం. రెండేళ్ళ కిందట పెళ్ళి సీన్లకీ పంచాయితీ సీన్లకీ గుంపులో గోల చేసే గొంతుగా వచ్చింది. మైకుకి ఎంత దూరంలో నిలబడాలో, చేతిలో కాగితం చప్పుడు కాకుండా ఎలా తిప్పాలో నేర్పింది నేనే. అప్పుడు నాకు ఆ పిల్ల మీద ఏమీ లేదు, గుంపులో ఉన్నవాళ్ళని చూసి ఎవరికైనా కుళ్ళెందుకు? ఒకరోజు పనిమనిషి పాత్ర దొరికి నాలుగే నాలుగు ముక్కలు చెప్పింది. అద్దం అవతలి వాళ్ళు నవ్వారు, మెచ్చుకుంటూ. నేను పత్రికలు చదివి చదివి అరువు తెచ్చుకున్న తెలుగు ఆ పిల్లకి పుట్టుకతోనే వచ్చింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఆ సామెతని చెవులే చెప్పి ఉంటాయని ఆ రోజు నాకు అర్థమైంది.

తులసమ్మ పాత్ర అందగానే సునయన నా దగ్గరికి వచ్చింది. "పంకజం గారూ, రెండేళ్ల నుంచి తులసమ్మ మీరే కదండీ. ఆవిడ గొంతు ఎక్కణ్నుంచి తీస్తారో కాస్త చెప్తారా?" అంది. నేను తులసమ్మని పొట్టలోంచి, గొణుగుడికి కొంచెం పైన, పెదవులు కదిలీ కదలకుండా పలికిస్తాను. ఆ పిల్లకి మాత్రం గొంతు బాగా పైకెత్తి ముక్కుతో చెప్పమన్నాను. చెప్పేటప్పుడు నా మొహంలో ఎంత ప్రేమ ఉట్టిపడిందో మీరు చూసి ఉండాల్సింది. సునయన బుద్ధిగా తల ఊపి, థాంక్సండీ అని, లోపలికి వెళ్ళి అచ్చంగా పొట్టలోంచే పలికింది. పంతొమ్మిది డైలాగులూ అరగంటలో అయిపోయాయి. నేను చెప్పిన మాట ఎందుకు వినలేదని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

నా నూట నలభైకి రెండు రోజులు పట్టింది. మధ్య మధ్య మిరియాల పాలు తాగుతూ, గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. "ఈ ఇంటి గడప కూడా నన్నడిగే తడుస్తుంది, నన్నడిగే ఆరుతుంది" అన్న డైలాగుకి సౌండ్ ఇంజనీరు మణిమారన్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. అతను తమిళుడు, మాట పూర్తిగా అర్థమై కొట్టాడో లేదో, కొట్టాడు అంతే. బస్సులో ఇంటికి వస్తూ, తెర మీద వేయడానికి ఏ ఫోటో ఇవ్వాలా అని ఆలోచించుకున్నాను. ఆకుపచ్చ పట్టుచీరలో తీసినది ఒకటుంది. అది చూసి పుష్పవల్లి మొహం ఎలా మాడుతుందో కూడా ముందే చూసేసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం చివరి పది నిమిషాలు వచ్చాయి. మాకు పంపే బొమ్మలో సంగీతం ఉంటుంది, తలుపుల చప్పుళ్ళు ఉంటాయి, మనిషి నోట్లోంచి ముక్కులోంచి వచ్చేది ఏదీ ఉండదు. రాయుడన్న, మణిమారన్, నేను కూర్చుని చూశాం. నడి హాల్లో మాణిక్యవేణీ చారుమతీ తాళాల గుత్తి కోసం పెనుగులాడుతున్నారు. మాణిక్యవేణి లాక్కుని గుత్తి పైకెత్తింది. నేను కుర్చీ అంచుకి జరిగాను. అప్పుడు గుమ్మంలోకి తులసమ్మ వచ్చింది, సంగీతం ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా తను కోరుకున్నది ఇంకొకరి చేతిలో వేలాడుతుంటే చూసి, తులసమ్మ ఒక్క ఊపిరి లోపలికి పీల్చింది. మాట లేదు, పలుకు లేదు. ఆ చప్పుడుకి ఇద్దరూ తిరిగి చూశారు, మాణిక్యవేణి చేతిలోంచి గుత్తి జారిపోయింది. తులసమ్మ నింపాదిగా నడిచొచ్చి, వంగి తీసుకుని, కొంగున ముడేసుకుంది. రాయుడన్న కాగితంలో ఆ చోట "ఊపిరి" అని ఒక్క మాట రాసుంది.

ఇలాంటివాటిని మేం రియాక్షన్లు అంటాం. దగ్గు, వెక్కిళ్ళు, నిట్టూర్పు, ఇవేవీ డైలాగుల లెక్కలోకి రావు. చిన్నవాళ్ళ పని అని నేను వాటిని ఎప్పుడూ లెక్కచేయలేదు. నూట నలభై డైలాగుల్ని ఒక రియాక్షన్ ఓడిస్తుందని ఎవరనుకుంటారు? నా ఆకుపచ్చ చీర నా కళ్ళ ముందే మడతపడి బీరువాలోకి వెళ్ళిపోయింది.

ఇక సునయన రావాలి. షోళింగనల్లూరు దగ్గర పెద్ద వాన, రోడ్డు మీద నీళ్ళు, ఆటో ఆగిపోయిందని ఫోన్ చేసింది. ఎపిసోడ్ ఆరు గంటలకల్లా చానల్‌కి వెళ్ళాలి. నాలుగున్నర దాటాక రాయుడన్న నా వైపు తిరిగాడు.

"పంకజమ్మా, మొన్నటి దాకా తులసమ్మ నీదే గదా. ఆ ఊపిరి నువ్వు పీల్చు. గెలుపంతా దాంట్లోనే ఉండాది. అది ఎవురు పీలిస్తే వాళ్ళ పేరే పంపతా."

మిగతా పంతొమ్మిదీ ఆ పిల్లవి కదన్నా అని ఒక్క మాట అని ఉండవచ్చు నేను. అనలేదు. మైకు గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదని అందరికీ చెప్పేదాన్ని, చెప్పులతోనే లోపలికి పరిగెత్తాను.

మొదటి ఊపిరికి మణిమారన్ ఉబ్బసం ఉన్నట్టుంది మేడమ్ అన్నాడు. రెండోది సాంబారు వాసన చూసినట్టుందట. మూడోది మేడ మెట్లెక్కి వచ్చినట్టు. అలా తొమ్మిది టేకులు. ఎంత పెద్ద డైలాగుకీ రెండో టేకు దాటని మనిషిని నేను. "ఆమెకి కడుపు రగలతా ఉండాది పంకజమ్మా, నువ్వు పెండ్లికి పొయ్యేదాని మాదిరి పీలస్తా ఉండావు" అన్నాడు రాయుడన్న. ఆయన అన్నది నిజమే. ఎంత వెతికినా లోపల మంట దొరకలేదు. పేరు నాదైపోయింది, బీరువాలోకి వెళ్ళిన ఆకుపచ్చ చీర మళ్ళీ బయటికొచ్చి తెర నిండా పరుచుకుంది. ఈ లోకంలో ఎవరి మీదా నాకు ఏమీ లేదు. అంత హాయిగా ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ మైకు ముందు నిలబడలేదు.

ఐదుంబావుకి సునయన వచ్చింది. మోకాళ్ళ దాకా తడిసిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. ఆలస్యమైందని అందరికీ పేరుపేరునా సారీ చెప్పింది. నేను హెడ్‌ఫోన్లు తీసి ఆ పిల్ల చేతికిచ్చి ఇవతలికి వచ్చాను. బొమ్మ ఒక్కసారి చూసింది. కళ్ళు మూసుకుని, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు నిలబడింది. తరవాత ముక్కుతో ఊపిరి లోపలికి లాగింది. సగంలో ఎక్కడో పళ్ళ సందున చిక్కుకున్నట్టు సన్నని చప్పుడు అయింది, మిగతా సగం గబుక్కున మింగేసింది. ఆ ఊపిరి మళ్ళీ బయటికి రాలేదు. మణిమారన్ తన చేతి మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకల్ని రాయుడన్నకి చూపించాడు. రాయుడన్న కాగితం మీద టిక్కు పెట్టి పక్కన సునయన పేరు రాశాడు.

బయట కాఫీ మిషన్ దగ్గర ఆ పిల్లని పట్టుకున్నాను. లోపల ఎంత మంట ఉందో పైన అంత తేనె పూసి, ఆ ఊపిరి ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. సునయన కప్పులోకి చూస్తూ, "ఇక్కడేనండీ. మీ దగ్గరే" అంది. మీ పేరు కూడా వెయ్యమని రాయుడు గారిని అడిగానని, ఒక్క పేరుకే చోటుందన్నారని చెప్పి, నాకో కప్పు కాఫీ పట్టి ఇచ్చింది. పెద్దవాళ్ళతో అనే మర్యాద మాటలే అనుకున్నాను. రియాక్షన్లు నేను ఎవరికీ నేర్పింది లేదు. పైగా ఆ పిల్ల మంచితనం మండించినంతగా నన్ను ఏ దుర్మార్గమూ మండించలేదు. ఇంటిదాకా బస్సులో తిట్టడానికి ఒక్క కారణం వెతికాను, దొరకలేదు.

ఆదివారం సాయంత్రం ఏడింటికి మహా ఎపిసోడ్ మొదలైంది. ఎదురింట్లో పుష్పవల్లి టీవీ వీధికంతా వినబడేలా పెట్టింది. మా ఆయన పక్క గదిలో ఏదో బడి లెక్కల పుస్తకాలు కుడుతున్నాడు. చూడకూడదని ఒట్టు పెట్టుకున్నదాన్ని ఆరూ యాభైకే టీవీ ముందు కూర్చున్నాను. మాణిక్యవేణి గడప డైలాగు చెప్పింది. చాలా బాగుంది, ఈ మాట ఇంకెవరూ అనరు కాబట్టి నేనే అంటున్నాను. రెండో గంట చివరికొచ్చింది. గుత్తి పైకి లేచింది, సంగీతం ఆగింది, గుమ్మంలో తులసమ్మ ఊపిరి పీల్చింది.

"ఈసారి ఎవురి మీద?" అన్నాడు మా ఆయన పక్క గదిలోంచి.

నాకు వెంటనే అర్థం కాలేదు. "నేనేమీ అనలేదే" అన్నాను.

"ఇప్పుడే గదా ఊపిరి లాగినావు. ఇనబడింది."

"అది నేను గాదు. టీవీలో తులసమ్మ."

"అట్లనా. నువ్వే అనుకుంటిని" అని ఆయన మళ్ళీ సూది పట్టుకున్నాడు.

తులసమ్మ వంగి గుత్తి తీసుకుంటోంది. నేను చూడటం లేదు. ఆడపడుచు గృహప్రవేశం నుంచి వచ్చిన రోజు, హేమమాలిని శాలువా ఫోటో ఫోన్లో చూసిన రోజు, ఆయన ఇలాగే తల ఎత్తకుండా అడిగాడు. ముప్ఫై ఏళ్ళుగా నా మొహం చూడాల్సిన అవసరమే ఆయనకి రాలేదన్నమాట. సునయన పనిమనిషి పాత్ర చెప్పి బయటికొచ్చినప్పుడు నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. రాయుడన్న తులసమ్మని తనకిచ్చినప్పుడు పక్క కుర్చీలోనే ఉన్నాను. అంటే ఆ చప్పుడు తన మీదే అని తెలిసి, రెండేళ్ళుగా ఆ పిల్ల నా పక్కన నిలబడి వింటూ వచ్చింది. ముక్కుతో చెప్పమని నేనన్నప్పుడు తల ఊపిందీ, నమ్మకపోయిందీ అందుకే. శుక్రవారం కళ్ళు మూసుకుని తను గుర్తు తెచ్చుకున్నది నన్నే.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ సిగ్గుపడి ఊరుకుంటే నేను పంకజాన్ని ఎందుకవుతాను? నన్ను గెలిపించాల్సిన ఊపిరిని నా దగ్గరే ఎత్తుకుపోయి గెలిచింది కదా అని, సిగ్గు వెనకాలే మంట కూడా వచ్చింది.

అప్పుడు తెర నిండా సునయన ఫోటో పడింది. పసుపు చీర, జడలో మల్లెపూలు, ఎవరికీ ఏ అపకారమూ చేయని నవ్వు. కింద ఇంతింత అక్షరాలతో పేరు. ఎదురింట్లో పుష్పవల్లి ఎవరితోనో, ఈ అమ్మాయి గొంతేనంట, చూడు ఎంత లక్షణంగా ఉండాదో అంటోంది. నేను చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాను, ముక్కు సంగతి మరిచిపోయాను.

పక్క గదిలో సూది ఆగింది. "ఇది టీవీనా, నువ్వా?"

"నేనే" అన్నాను.

"ఎవురి మీద?"

"సునయన మీద" అన్నాను.